తిరగేసి పట్టిన కెమెరా

పోయిన వారం మీరు పత్రిక మూసే సమయానికి మా పెద్ద కెమెరా మెట్ల మీద దొర్లుతోంది. ఈ వారానికి కెమెరా అడుగు మెట్టుకి చేరింది, నింద మాత్రం నా నెత్తికెక్కి కూర్చుంది.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. చెప్పుల షాపు మీద మొదటి అంతస్తులో ఉండే ఫోటో స్టూడియో మాది. మాది అంటే మా అత్తగారిది. ముప్పై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల ఎవరి గుర్తింపు కార్డు తీసి చూసినా అందులో మొహం ఆవిడ తీసిందే. కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళనీ "నవ్వండి" అంటుంది, తీరా నవ్వితే "పళ్ళు కనపడకూడదు" అని కసురుతుంది. అందుకే జనం ఆవిడని నవ్వండమ్మ అంటారు. ఆవిడ కొడుకు, అంటే మా ఆయన, కౌంటరూ ప్రింట్లూ చూసుకుంటాడు. నేను ఏడేళ్ళ కిందట ఆ ఇంటికి కోడలిగా వచ్చి, ఆవిడ దగ్గరే పని నేర్చుకుని, బయటి పనులన్నీ చేస్తున్నాను. పొద్దున పూట కెమెరా ఆవిడది, మధ్యాహ్నం నుంచి నాది.

మా స్టూడియోలో ఒక పద్ధతి ఉంది. కెమెరా చేతులు మారేటప్పుడు తీసుకునేవాళ్ళు "ఉంది" అనాలి. ఆ మాట వినపడే దాకా ఇచ్చేవాళ్ళు వదలకూడదు. కరెంటు పోయినా అంతే, పైకప్పు ఊడిపడినా అంతే. పద్ధతి పెట్టింది అత్తయ్యే. దాని పుణ్యమా అని ముప్పై ఏళ్ళలో ఒక్క కెమెరా కింద పడలేదు. పోయిన గురువారం నేను పనికి వెళ్ళొస్తూ మెట్ల మీద ఆవిడ ఎదురైతే కెమెరా అక్కడే అందించాను. "ఉంది" అంది. చేతికి చుట్టుకున్న బెల్టు విప్పి వదిలాను. పదకొండు మెట్లు దొర్లింది.

చెప్పుల షాపు వాళ్ళంతా బయటికొచ్చి చూస్తుండగా అత్తయ్య అన్న మాట, "నేను ఉంది అనలేదు."

ఒక్క మాటతో ఏడేళ్ళ పని గంగలో కలిసింది. ఒకటో తారీకు నుంచి స్టూడియో నాకు అప్పగిస్తానని ఆవిడే నలుగురి ముందూ చెప్పింది. కెమెరా పడ్డాక అదే నలుగురి ముందు, "ఎప్పుడు వదలాలో తెలియనిదానికి తాళంచెవి ఎలా ఇస్తాను" అంది. పైగా కూతుర్ని రమ్మని కబురు పెట్టింది. మా ఆడపడుచు మంచి మనిషే, కాదనను. కానీ తను ఫోన్‌తో తీసిన ఏ ఫోటోలోనూ ఎవరికీ పూర్తిగా తల ఉండదు.

ఇక కెమెరా సంగతి. బాగుచేయించాలా, కొత్తది కొనాలా, ఇన్సూరెన్స్ వాళ్ళని అడగాలా? మా ఆయనకి మూడోదే నచ్చింది. పాలసీలో అత్తయ్య పేరూ నా పేరూ ఉన్నాయి, ఇద్దరిలో ఎవరి చేతిలోంచి పొరపాటున జారినా వాళ్ళు ఇవ్వాల్సిందే. ఫారంలో 'కోడలు అజాగ్రత్తగా వదిలినందువల్ల' అని రాసి, కింద నన్ను సంతకం పెట్టమన్నాడు.

"ఒక్క సంతకమే కదా. కొత్త కెమెరా వస్తుంది."

"కెమెరా కొత్తది వస్తుంది. నా పేరు పాతదైపోతుంది," అన్నాను. "ఆ ముక్క కింద నేను సంతకం పెట్టను. నా చెవులు నాకు బాగానే పనిచేస్తున్నాయి."

ఆరు రోజులు ఇలాగే నడిచింది. బుధవారం పన్నెండింటికి నష్టం అంచనా వెయ్యడానికి ఇన్సూరెన్స్ సర్వేయరు వస్తున్నాడన్నారు. నేను మాత్రం ఆ పొద్దున పదింటికే కెమెరాని తువ్వాలులో చుట్టుకుని డాక్టరు దగ్గరికి బయల్దేరాను.

డాక్టరంటే కెమెరాలు బాగుచేసే ఆయన. కెమెరాని చెవి దగ్గర పెట్టుకుని వింటాడు, చీటీ మీద జబ్బు రాసిస్తాడు, అందుకని ఆ పేరు. రెండు షాపుల మధ్య నడవాలో షాపు పెట్టాడు. బల్ల మీద తెల్లగుడ్డ, మెడ వంచిన దీపం, విప్పిన స్క్రూలు అంటించడానికి అట్టముక్క మీద టేపు. ఏ స్క్రూ ఎక్కణ్ణుంచి వచ్చిందో పక్కనే పెన్సిల్‌తో అంకె వేసుకుంటాడు. పనిలో ఉండగా ఆయన్ని పలకరించకూడదు. మాట్లాడకుండా కూర్చోవడం నావల్ల కాని పని, అందుకని గోడ మీద క్యాలెండర్ చదివాను. మూడు నెలలు పూర్తయ్యాయి.

"బతుకుతుంది," అన్నాడు చివరికి. "లెన్స్‌కి ఏమీ కాలేదు. లెన్స్ బిగించే రింగు వంకరపోయింది, వెనక తెర పగిలింది, లోపల ఒక పట్టీ తెగింది. పది రోజులు ఇవ్వండి. కొత్తదాని ఖరీదులో మూడో వంతు కూడా అవదు."

"మళ్ళీ మునుపటిలా పనిచేస్తుందా?"

"మీరు రిటైరైనా ఇది అవదు."

నాకు సగం బరువు దిగినట్టయింది. ఇన్సూరెన్సూ వద్దు, ఫారమూ వద్దు, సంతకమూ వద్దు. రిపేరు చేయించి ఆవిడ ముందు పెడితే సరి. లేచి తువ్వాలు దులుపుకుంటుంటే డాక్టరు దీపం కిందికి లాగి కెమెరాని అటూ ఇటూ తిప్పాడు.

"మీ స్టూడియోలో ఎడంచేతి వాటం ఎవరిది?"

"ఎవరిదీ కాదు."

"మరి దీన్ని తిరగేసి వాడుతున్నదెవరు?"

నాకు అర్థం కాలేదు. ఆయన నన్ను మళ్ళీ కూర్చోబెట్టాడు. మామూలుగా పొదుపుగా మాట్లాడే మనిషి, కెమెరా ఒంటి మీద గుర్తులు చదవడం మొదలుపెడితే మాత్రం ఆపలేం.

"ఇదిగో, కన్ను పెట్టే చోట ఈ రబ్బరు చూడండి. నుదురు ఆనేది పైన కదా, అరిగితే పైన అరగాలి. ఇది కింద అరిగింది. ఇక్కడ బటన్ ఉందా, దీన్ని అందరూ చూపుడువేలి కొసతో నొక్కుతారు. కొసతో నొక్కితే మధ్యలో అరుగుతుంది. ఇది అంచున అరిగింది. బొటనవేలి అరుగుడు ఇది." కెమెరాని బోర్లించి, ఎడమచేత్తో పట్టుకుని నా మొహానికి గురిపెట్టాడు. బటన్ సరిగ్గా ఆయన ఎడమ బొటనవేలి కిందికి వచ్చింది. "ఇలా. కుడిచెయ్యి సరిగ్గా లేనివాళ్ళు ఇలా తీస్తారు. నా దగ్గరికి ఇంతకుముందు ఒకాయన వచ్చేవాడు, పక్షవాతం మనిషి. ఆయన కెమెరా ఒంటి మీద కూడా అచ్చం ఇవే గుర్తులు."

"ఫోటోలు తలకిందులుగా రావూ?"

"కెమెరా ఎటు తిరిగి ఉందో కెమెరాకే తెలుసు. తెర మీద తనే సరిచేసి చూపిస్తుంది. పక్కన నిలబడి చూస్తే తప్ప ఎవరికీ తెలీదు." ఆ తర్వాత కెమెరా పైభాగంలో గూనులా ఉబ్బి ఉండే చోట వేలు పెట్టాడు. నల్లరంగు లేచిపోయి సన్నటి గీతలున్నాయి. "తిరగేసినప్పుడు ఈ గూను కిందికి వస్తుంది కదా, దాన్ని కుడి మణికట్టు మీద ఆనించి తీస్తున్నారు. మణికట్టుకి గడియారం ఉంది. అది గీసుకుంది. ఈ గీతలు మెట్ల మీద పడ్డవి కావు, నెలల తరబడి పడ్డవి."

మా ఇంట్లో గడియారం కుడిచేతికి పెట్టుకునేది ఒక్కరే.

నేను డాక్టరుకి ఏం చెప్పి బయటికొచ్చానో గుర్తులేదు. కెమెరాని అక్కడ వదలకుండా మళ్ళీ తువ్వాలులో చుట్టుకుని తెచ్చుకున్నానని మాత్రం తెలుసు. వీధిలో పైపు పగిలి నీళ్ళు పారుతున్నాయి, స్టేషనరీ షాపు వాళ్ళు అట్టపెట్టెలు పరిచి దారి చేస్తున్నారు. ఆ అట్టల మీద అడుగులేస్తూ నేను ఆరు నెలలు వెనక్కి నడిచాను. ఎప్పుడూ బార్లా తెరిచి ఉండే లోపలి గది తలుపు, "జనం తిరుగుతుంటే నాకు ఫోకస్ కుదరడం లేదు" అని ఆవిడ మూసుకోవడం మొదలుపెట్టింది. చిన్న ఫోటోలు కత్తిరించే పని మా ఆయనకి అప్పగించింది. నేను కెమెరా అందించబోతే ప్రతిసారీ "టేబుల్ మీద పెట్టు" అంటోంది. వయసు మీద పడి చాదస్తం పెరిగిందనుకున్నాను. ఎంత గుడ్డిదాన్ని! కళ్ళతో బతికే వృత్తి నాది, ఇంట్లో మనిషి చెయ్యి పడిపోతే చూడలేదు.

మెట్ల మీద మాత్రం టేబుల్ లేదు. అందుకే ఆ రోజు ఆవిడ చెయ్యి చాపింది.

ముందు జాలి వేసిందని అనుకుంటున్నారేమో, లేదు. ఒళ్ళు మండిపోయింది. తన చెయ్యి పట్టుకోలేదని ఆవిడకి ఆ క్షణమే తెలుసు. తెలిసీ, చెప్పుల షాపు వాళ్ళందరి ముందూ నన్ను దోషిని చేసింది. ఆరు రోజులు నేను వడ్డించిన అన్నం తింటూ నా మొహం చూసి నోరు మెదపలేదు. పదకొండు మెట్లూ రెండేసి చొప్పున ఎక్కేశాను.

కౌంటరు దగ్గర మా ఆయన ప్రింట్లు కవర్లలో పెడుతున్నాడు. "ఏమన్నాడు?" అంటే జవాబు చెప్పకుండా లోపలి గదిలోకి వెళ్ళి తలుపు నేనే మూశాను.

అత్తయ్య బూడిదరంగు తెర ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. దీపాలు ఆర్పేసి ఉన్నాయి. అద్దం పక్కన దారంతో కట్టిన దువ్వెన ఇంకా ఊగుతోంది, ఎవరో గిరాకీ అప్పుడే తల దువ్వుకుని, పాత చిన్న కెమెరాతో ఫోటో దిగి వెళ్ళినట్టున్నారు. నేను తువ్వాలు విప్పి కెమెరాని ఆవిడ ముందుకి చాపాను. ఎప్పటిలాగే పిడి ఆవిడ కుడిచేతి వైపుకి పెట్టి.

"పట్టుకోండి అత్తయ్యా."

"టేబుల్ మీద పెట్టు."

"పెట్టను."

తలెత్తి చూసింది. ఆ చూపుకి ఒకప్పుడు రెండడుగులు వెనక్కి వేసేదాన్ని. ఆ రోజు వెయ్యలేదు.

"ఏంటమ్మాయ్, డాక్టరు దగ్గర పొగరు కూడా రిపేరు చేయించుకొచ్చావా?"

"ముందు పట్టుకోండి. తర్వాత తిడుదురుగాని."

ఎడమచెయ్యి చాపింది. "కుడిచెయ్యి," అన్నాను. ఆవిడ కదల్లేదు. నేనూ కదల్లేదు. ఒకరికి ముప్పై ఏళ్ళ మొండితనం, ఇంకొకరికి ఆవిడ దగ్గరే నేర్చుకున్న మొండితనం. చివరికి ఆవిడ కుడిచెయ్యి లేచింది. వేళ్ళు వచ్చి పిడి మీద ఆనాయి. ఆనాయంతే, ముడుచుకోలేదు. చూపుడువేలు కొద్దిగా కదిలి ఆగిపోయింది. నా రెండు చేతులూ కెమెరా అడుగునే ఉన్నాయి, వదిలే ప్రశ్నే లేదు.

"ఉంది అనండి."

ఆవిడ చూపు పక్కకి తిప్పుకుంది.

"ఆ రోజు అన్నారు కదా."

"అన్నాను," అంది.

అంత చిన్న గొంతు ఆవిడకి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. కెమెరాని టేబుల్ మీద పెట్టేశాను. ఆవిడ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఆరు రోజులు, అత్తయ్యా. నన్ను చూసి చెప్పుల షాపు అమ్మాయిలు కూడా గుసగుసలాడుకుంటున్నారు. నేను మీ దగ్గర పని నేర్చుకున్నాను, దొంగతనం కాదు."

"చెయ్యి వెనక్కి వస్తుందనుకున్నాను," అంది. "రోజూ పొద్దున కళ్ళు తెరవగానే ముందు దీన్నే కదిపి చూసుకునేదాన్ని. మెడ దగ్గర నరం నొక్కుకుపోయిందన్నారు. మందులిచ్చారు. ఇవాళ కాకపోతే రేపు అనుకుంటూ ఆరు నెలలు గడిపేశాను. ఆ రోజు మెట్ల మీద నువ్వు చాపగానే పట్టుకోగలననే అనుకున్నాను. వేళ్ళు ఆనాయి కదా, బిగిశాయనుకుని ఉంది అనేశాను."

"అది పొరపాటు. తర్వాత అనలేదన్నారే, అది పొరపాటు కాదు."

"కాదు." నా కళ్ళలోకి చూసింది. "అది తప్పు. నోరు జారలేదు, తెలిసే అన్నాను. చెయ్యి పోయిందని తెలిస్తే కళ్ళు కూడా పోయాయంటారు జనం. ఈ కుర్చీలోంచి నేనే లేవాలనుకున్నాను. ఎవరో లేపడం ఇష్టంలేక నిన్ను తోసేశాను."

తిట్టడానికి నా దగ్గర ఇంకా చాలా ఉంది, దారంతా పోగేసుకుని వచ్చాను. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఆరు నెలలూ తిరగేసే తీశారా? అన్నీ?"

"ఆఁ."

"ఒక్కటి కూడా వంకరగా లేదే."

"ఎందుకుంటుంది?" పాత నవ్వండమ్మ గొంతు తిరిగొచ్చింది. "చేతిది కాదు అమ్మాయ్ ఫోటో. మొదటి వారం నాలుగు పాడయ్యాయి, చింపి పారేశాను. తర్వాత పట్టు దొరికింది. ఒక పెద్దాయన మాత్రం ఇదేంటమ్మా తిరగేశారు అన్నాడు. కొత్త పద్ధతి, మీ మొహానికి ఇదే నప్పుతుందన్నాను. మురిసిపోయాడు."

నాకు నవ్వొచ్చింది. కోపంగా ఉన్నప్పుడు నవ్వు రావడమంత చిరాకు ఇంకోటి లేదు, అయినా నవ్వాను. ఆవిడ మాత్రం నవ్వలేదు. కళ్ళు తుడుచుకోవడానికి అలవాటు కొద్దీ కుడిచెయ్యి ఎత్తబోయి, మళ్ళీ ఎడమది ఎత్తింది. అప్పుడు, ఆ ఒక్క కదలికకి, నాకు జాలి వేసింది. ఆవిడ పక్కన నేల మీద చతికిలబడ్డాను.

"వినండి. డాక్టరు బాగుచేస్తానన్నాడు. పది రోజుల్లో ఇస్తాడు. ఇన్సూరెన్స్ ఆయన్ని వెనక్కి పంపించేద్దాం. ఎవరు వదిలారో, ఎవరు పట్టుకోలేదో ఎవరికీ చెప్పక్కర్లేదు. అబద్ధం రాయక్కర్లేదు, నిజం చాటక్కర్లేదు. ఒక్కటి మాత్రం చెయ్యాలి మీరు. నేను వదిలేశానన్న మాట వెనక్కి తీసుకోవాలి. చెప్పుల షాపు వాళ్ళ ముందు."

"అంతేనా? తాళంచెవి అడగవా?"

"అడిగి తీసుకోను. మీరే ఇస్తారు."

ఆవిడ ఏదో అనబోతుంటే తలుపు తట్టిన చప్పుడైంది. మా ఆయన తల లోపలికి పెట్టి, "సర్వేయరు గారు వచ్చారు. ఇద్దరూ వస్తారా?" అన్నాడు. గోడ గడియారం పన్నెండుకి ఇంకా పావుగంట చూపిస్తోంది. పనికిమాలిన వాళ్ళు ఆలస్యంగా వస్తారు, పనిమంతులు ముందొచ్చి మన కొంప ముంచుతారు.

సర్వేయరు సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. చేతిలో పల్చటి ఫైలు. కౌంటరు పక్కన బెంచీ మీద కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు పూర్తిగా తాగి, గ్లాసు ఎక్కడి నుంచి తీశాడో అక్కడే పెట్టాడు. నేను తెచ్చి బల్ల మీద పెట్టిన కెమెరాని చేతిలోకి తీసుకోకుండా ముందు చుట్టూ తిరిగి చూశాడు. చూడటమే వృత్తిగా బతికేవాళ్ళని నేను గుర్తుపడతాను. ఇతను అలాంటివాడు.

"ఇది ఎవరి చేతిలోంచి పడింది?"

"మా ఆవిడ చేతిలోంచి," అన్నాడు మా ఆయన. ప్రశ్న ఇంకా పూర్తికానట్టే ఉంది, జవాబు వచ్చేసింది.

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు అత్తయ్య మాట్లాడింది.

"వాడి మాట పక్కన పెట్టండి. వాడు అక్కడ లేడు. పడేసింది నేను. మా కోడలు పద్ధతి ప్రకారమే ఇచ్చింది. నేను ఉంది అన్నాను, కానీ నా చెయ్యి పట్టుకోలేదు." మెట్ల కిందికి వినపడేంత గొంతుతో చెప్పింది. కింద చెప్పుల షాపులో ఎవరో టేపు చింపుతున్న చప్పుడు ఆగిపోయింది. "ఇంకోటి కూడా రాసుకోండి. ఒకటో తారీకు నుంచి ఈ స్టూడియో దీనిది. తర్వాత ఏం అడగాలన్నా దీన్నే అడగండి."

ఏడేళ్ళుగా ఆ మాట ఎలా ఉంటుందో ఊహించుకుంటూ ఉన్నాను. ఊహించినదానికంటే బాగుంది. తల ఎత్తుకుని నిలబడ్డాను, దాచుకోను, గర్వంగానే నిలబడ్డాను. మా ఆయన మొహం మాత్రం కత్తిరింపులో తేడా వచ్చిన ఫోటోలా అయిపోయింది. "టీ తెస్తాను," అని గబగబా మెట్లు దిగాడు.

సర్వేయరు ఏమీ ఆశ్చర్యపోలేదు. "మంచిదమ్మా. నిజం చెబితే నా పని తేలికవుతుంది. మీ మాటల్లో రాసి ఇవ్వండి."

"నేను చెప్తాను, మా కోడలు రాస్తుంది. పెన్ను పట్టుకుని ఆరు నెలలైంది నేను."

అతను కాగితం నాకు ఇవ్వబోయి ఆగాడు. "ఆరు నెలలా?"

"ఆఁ. ఒక్క అక్షరం రాయలేదు."

ఫైలులో రెండు కాగితాలు వెనక్కి తిప్పాడు. మూడో కాగితం దగ్గర వేలు ఆగింది. దాన్ని తీసి మా ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టాడు. నాలుగు నెలల కిందట పాలసీ రెన్యూ చేసుకున్నప్పటి పత్రం. కెమెరా వాడేవాళ్ళకి చేతులకీ చూపుకీ ఏ లోపమూ లేదని రాసి ఉంది. కింద అత్తయ్య సంతకం, వణుకు లేకుండా, గుండ్రంగా, నల్ల సిరాతో.

"మరి ఇది?" అన్నాడు మెల్లగా.

అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. ఆ కాగితం ఆవిడ అప్పుడే మొదటిసారి చూస్తోందని నేను ఒట్టేసి చెప్పగలను. నేనూ చూశాను. ఇంటిపేరులో మొదటి అక్షరం తలకట్టు వెనక్కి లాగి, కొసన చిన్న కొక్కెం వేసి ఉంది. అత్తయ్య తలకట్టు ఎప్పుడూ నిటారుగా ఉంటుంది. ఆ కొక్కెం వేసే మనిషి పిల్లల స్కూలు కాగితాల మీద, కరెంటు బిల్లుల మీద, మా పెళ్ళి రిజిస్టరు మీద కూడా అలాగే వేశాడు.

ఆవిడ చెయ్యి పెన్ను పట్టదని తెలియకపోతే ఆవిడ సంతకం తను పెట్టడమెందుకు? అంటే మా ఆయనకి తెలుసు. నాలుగు నెలలుగా తెలుసు. తల్లి చెయ్యి పనిచెయ్యదని తెలిసే, ఆ రోజు మెట్ల మీద అందరూ నన్ను చూస్తుంటే కౌంటరు వెనక నిలబడి కవర్లు అంటించాడు. తెలిసే ఫారంలో నా పేరు రాసి, ఒక్క సంతకమే కదా అన్నాడు.

అత్తయ్య వైపు చూశాను. ఆవిడా గుర్తుపట్టింది. కొడుకు రాత తల్లికి తెలియకపోవడం ఉండదు.

సర్వేయరు మా ఇద్దరి మొహాలూ చూశాడు. ఆ కాగితం మడవకుండా అలాగే బల్ల మీద ఉంచి, పైన తన ఫైలు అడ్డంగా పెట్టాడు. నేను అత్తయ్య చెప్పింది చెప్పినట్టు రాశాను. చివర ఆవిడ వేలిముద్ర వేసింది.

"వేలిముద్ర వేస్తే సాక్షి సంతకం ఉండాలి," అన్నాడు అతను. "మీరు రాసినవారు కాబట్టి మీరు కుదరదు. ఇంట్లో ఇంకెవరైనా..."

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మా ఆయన ట్రే పట్టుకుని వచ్చాడు, అందులో నాలుగు గ్లాసులు. మొహం కడుక్కుని వచ్చినట్టున్నాడు, కాస్త తేరుకున్నాడు. ఫైలు కింద ఏముందో అతనికి తెలియదు.

"మీరు ఒక్క సంతకం పెట్టాలి. ఇంటిపేరు పూర్తిగా రాయండి," అన్నాడు సర్వేయరు, పెన్ను మూత తీసి అందిస్తూ.

"ఓ, దానికేం," అని మా ఆయన పక్కనే కూర్చున్నాడు.

బల్ల కింద అత్తయ్య ఎడమచెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. కుడిచేతిలో లేని బలమంతా ఆ పట్టులో ఉంది. ఆపు అంటోంది. ఒక్క మాట చాలు. గ్లాసు ఒలికినా చాలు, నేను దగ్గినా చాలు, ఆయన తలెత్తి చూస్తాడు. నా మొహం చూస్తే ఏదో ఉందని అర్థం చేసుకుంటాడు, ఏడేళ్ళ కాపురం మాది.

మా ఆయన కాగితం తన వైపు తిప్పుకుని, పెన్ను ఆనించి, మొదటి అక్షరం రాసి, తలకట్టు వెనక్కి లాగాడు.

నేను ఆపలేదు.